పిండి లేని రొట్టె

గురువారం పొద్దున్న బేకరీ పెద్దాయన కూర్చున్న పాటున నలభై ఉడికిన గుడ్లు తిన్నాడు. ఆ వీధిలో అంత పని ఇంకెవరైనా చేశారేమో కనుక్కుని రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

తిన్నవాడు తిన్నట్టే కూర్చున్నాడు గానీ ఎదురుగా ఉన్న భార్య చెయ్యి ఊరుకోలేదు. ఆయన పనిలో కట్టుకునే ఏప్రన్‌ని భోజనాల బల్ల మీద పరిచి, దాని రెండు జేబులనూ పేగులు లాగినట్టు బయటికి లాగి దులిపింది. నాలుగైదు రొట్టె నలుసులు రాలాయి. వాటిని చూపుడువేలితో ఒకచోటికి చేర్చింది. ఆ పక్కనే ఆసుపత్రి కాగితం పెట్టింది.

కాగితంలో షుగర్ అంకె కిందటి వారం కంటే పైకి పోయి ఉంది.

"ఇది తగ్గలేదు. ఇవి దొరికాయి. ఇంకేం మాట్లాడాలో మీరే చెప్పండి," అంది.

బేకరీలో నలభై ఏళ్లు నిలబడిన మనిషి జేబులోంచి నలుసులు కాక ముత్యాలు రాలతాయా అని ఆయన అడగబోయాడు. అడగలేదు. పథ్యం మొదలైన ఈ ఇరవై మూడు రోజుల్లో ఆయన ఏమడిగినా ఆవిడ దగ్గర ఒకటే సమాధానం. మాట్లాడకుండా ఆయన ఎడమ కాలి బొటనవేలి వంక చూడడం.

ఆ వేలికి కట్టు ఉంది. కట్టు కింద పుండు ఉంది. అది మానడం లేదు. సోమవారం నాటికి షుగర్ దిగే దారి పట్టకపోతే వేలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు చెప్పాడు. పెన్ను మూత పెట్టుకుంటూ, గోరు తీసేద్దాం అన్నంత తేలిగ్గా చెప్పాడు.

కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "అంతగా తినాలనిపిస్తే మాకు చెప్పొచ్చు కదా నాన్నా," అన్నాడు మెత్తగా.

ఆ మెత్తదనం పెద్దాయనకి గిట్టలేదు. దొంగ అని మొహం మీద అన్నా కొంత మర్యాదగా ఉండేది.

"నేను తినలేదు," అన్నాడు.

"తిన్నారని ఎవరన్నారు?" అంది భార్య. నలుసుల్ని అరచేతిలోకి తోసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. కట్టేసిన చప్పుడు చాలాసేపటి వరకు వినిపించలేదు.

ఇక్కడ ఒక చిన్న సవరణ. గుడ్లు నలభై అని మొదట అన్న మాట వాస్తవమే. చెప్పే ఊపులో ఒక సున్న ఎక్కువ దొర్లింది. నాలుగు. అందులోనూ నాలుగోది సగం తిని, మిగతా సగం పళ్లెం అంచు కింద దాచాడు. కానీ ఆ మూడున్నర గుడ్లూ ఆయన మింగిన తీరు చూసినవాళ్లకి నలభై అనిపించడంలో తప్పేమీ లేదు.

*

కింద బేకరీ, పైన ఇల్లు. రోజూ తెల్లారేసరికి రొట్టె కాలే వాసన మెట్లెక్కి వచ్చి ఆయన మంచం పక్కన కూర్చునేది. ఇదివరకు ఆ వాసన నిద్ర లేపేది. ఇప్పుడు ఎగతాళి చేస్తోంది.

పిండి పదార్థాలు మానాలని డాక్టరు చెప్పిన రోజే భార్య ఇంట్లోని డబ్బాలన్నీ ఖాళీ చేసి, పళ్లెంలోకి కొత్త మనుషుల్ని తెచ్చింది. తురిమిన కాలీఫ్లవర్ అన్నం వేషం కట్టుకుని వచ్చింది. నోట్లో పెట్టుకుంటే తడిసిన అట్టపెట్టె నమిలినట్టు ఉంది. నీళ్లలో ఉడికిన పాలకూర, బాత్రూం మూల పారేసిన తడిగుడ్డలా పళ్లెం మధ్యలో ముడుచుకుని పడి ఉండేది. వేలితో నొక్కితే పచ్చనీళ్లు కారేవి. చర్మం ఒలిచిన కోడి రొమ్ము ముక్క తెల్లగా, చల్లగా, ఎవరిదో మోచెయ్యిలా కనిపించేది. అన్నీ ఉప్పు లేకుండా, వెన్న లేకుండా. మానమన్నది పిండిని మాత్రమేనని ఆయన అంటే, మానడమంటూ మొదలుపెట్టాక అన్నీ మానడమే మంచిదని ఆవిడ వాదన.

ఇవన్నీ ఒక ఎత్తు. కొడుకు కనిపెట్టిన రొట్టె ఒక ఎత్తు.

బాదం పొడి, గుడ్లు, అవిసె గింజల పొడి. గోధుమపిండి గాని మైదా గాని చిటికెడు ఉండదు. కొడుకు ఫోనులో చూసి రాసుకొచ్చాడు. మొదటిరోజు గిన్నెలో కలిపినదాన్ని పెద్దాయన తొంగి చూశాడు. అది ముద్ద కాదు, జావ కాదు. గరిటె ఎత్తితే తీగలు సాగుతూ జారింది. ఆయనకి జలుబు చేసిన పిల్లల ముక్కులు గుర్తొచ్చాయి. రొట్టె అనే మాటని దాని మీద పెట్టడం చూసి, తన కన్నతల్లి చీరని ఎవరో గాడిదకి కప్పినట్టు బాధపడ్డాడు.

అయినా మాటిచ్చాడు గనక తిన్నాడు. పూటకి రెండు ముక్కలు, మూడు పూటలా. ఎలాగంటే, ముక్కని నాలుగుగా తుంచి, గ్లాసు నీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని గొంతు చివరికి విసిరి మింగేవాడు. నాలుకకి తగలనిచ్చేవాడు కాదు. మాత్ర వేసుకునేవాడు మాత్రని నమలడు కదా.

ఆ రొట్టె చేసేది బావమరిది. భార్యకి తమ్ముడు. ముప్పై ఏళ్లుగా ఆ బేకరీలో పిండి పిసికేది అతనే. అతని చేతులకి కళ్లున్నాయని వీధిలో పేరు. ఒకసారి అతను కలిపిన ముద్ద పొంగీ పొంగీ, గంగాళం మూత మీద పడుకున్న పిల్లిని నిద్ర చెడకుండా అటక ఎక్కించిందట. పిల్లి దిగడానికి నిచ్చెన వెయ్యాల్సి వచ్చిందట.

పిండి లేని రొట్టె మొదటి రెండు రోజులూ అతన్ని కూడా ఓడించింది. పొడిపొడిగా విరిగిపోయింది. మూడో రోజు నుంచి చక్కగా నిలబడింది. మంచి రంగు, మంచి పొంగు. కొడుకు సంబరపడి దుకాణం ముందు బోర్డు పెట్టాడు: పిండి లేని రొట్టె, షుగర్ ఉన్నవాళ్లు కడుపునిండా తినవచ్చు. రెండు వారాలుగా జనం కొనుక్కుపోతున్నారు. అచ్చం మామూలు బ్రెడ్డులాగే ఉందే అని మెచ్చుకుంటున్నారు. ఆ మెచ్చుకోలు విన్నప్పుడల్లా జనానికి నాలుకలు చచ్చిపోయాయని పెద్దాయన అనుకునేవాడు.

*

శుక్రవారం ఆసుపత్రిలో కట్టు విప్పారు. విప్పిన దూది లోంచి వాసన వచ్చింది. నర్సు మొహం మార్చలేదు. భార్య కిటికీ వైపు తిరిగింది. పెద్దాయన తన కాలి వంక తానే, పాడైన సరుకు వెనక్కి పంపేవాడిలా చూశాడు.

తరవాత పక్కగదిలో ఆహారం సంగతి చెప్పే అమ్మాయి దగ్గర కూర్చోబెట్టారు. మనవరాలి వయసు. ఇంకో పాఠం వినాలి కాబోలని ఆయన మొహం ముడుచుకున్నాడు. ఆ అమ్మాయి పాఠం చెప్పలేదు. మీకేం ఇష్టం అని అడిగింది. ఇరవై నాలుగు రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి తనే. ఆయన కాస్త తడబడి, చేప ఇష్టమన్నాడు. పుట్టగొడుగులు ఇష్టమన్నాడు. వెన్న అని నెమ్మదిగా, పక్కనున్న భార్యకి వినపడకుండా అన్నాడు.

ఆ అమ్మాయి ఒక్కొక్కటే కాగితం మీద రాసుకుంటూ పోయింది. చేప తినొచ్చు. పుట్టగొడుగులు తినొచ్చు. వెన్న కొలిచి వేసుకోవచ్చు, ఉప్పు చప్పబడకుండా వేసుకోవచ్చు. వంకాయ, ఆకుకూర, గుప్పెడు పప్పుగింజలు. వీటిలో నచ్చినవి మీరే ఎంచుకోండి, నమిలి తినండి, అసహ్యంతో ఏ మనిషీ ఏడాది పొడుగునా తిండి తినలేడు అని చెప్పింది. ఇవన్నీ అంటూంటే భార్య చీర అంచు మడతలు పెడుతూ వింది.

చివర ఆ అమ్మాయి అడిగింది, "రోజూ ఆరు ముక్కలు తింటున్నానన్నారే, ఆ రొట్టె. దాని రుచి ఎలా ఉంటుంది?"

పెద్దాయనకి గ్లాసు నీళ్లే గుర్తొచ్చాయి. ఏ పిండి బస్తా విప్పినా చిటికెడు నోట్లో వేసుకుని, అది ఏ మిల్లులో ఆడిందో చెప్పగలిగిన మనిషి. పొద్దున్నే మొదటి రొట్టె కొరికి, ఉప్పు ఆవగింజంత ఎక్కువైనా పట్టుకునే మనిషి. ఇరవై నాలుగు రోజులుగా తన కడుపులోకి పోతున్నదాని రుచి ఆయనకి తెలియదు.

దారంతా ఆయన మాట్లాడలేదు. సిగ్గుతో మాట్లాడలేదో, దొరికిపోయానని మాట్లాడలేదో భార్యకి తెలియలేదు. ఆవిడకి తోచింది రెండోదే.

*

శనివారం మధ్యాహ్నం రొట్టెలన్నీ తీసేశాక బట్టీ నెమ్మదిగా చల్లారుతూ ఉంటుంది. ఆ పడిపోతున్న వేడి బేకరీవాళ్లకి బాగా తెలుసు. రొట్టె కాలడానికి చాలదు, మిగతా దేనికైనా చాలు. పెద్దాయన తానే వెళ్లి తెచ్చుకున్న చేపకి వెన్న, మిరియాలు, ఉప్పు పట్టించాడు. చుట్టూ పుట్టగొడుగులు పేర్చాడు. పెనం లోపలికి నెట్టి, తలుపు మూసి, స్టూలు మీద కూర్చున్నాడు. గడియారం చూడలేదు. వాసన మారినప్పుడు లేచాడు.

చేప తోలు పెళుసుగా చిట్లింది. లోపలి కండ వేలు పెడితే పొరలు పొరలుగా విడింది. పుట్టగొడుగులు తమ నీళ్లన్నీ వదిలి, ఆ నీళ్లనే వెన్నతో కలిపి మళ్లీ తాగి, నల్లగా నిగనిగలాడుతున్నాయి. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోటి పెట్టుకుని ఇంకా నెమ్మదిగా నమిలాడు. తిండి మీద ఆయనకి కోపం పోతున్నట్టు తెలిసింది. వీటితో ఏళ్లు గడపొచ్చు అనిపించింది. అంతమాట పైకి అంటే భార్య గెలిచినట్టవుతుందని అనలేదు, అది వేరే సంగతి.

పెనం అడుగున వెన్న మిగిలింది. వదలబుద్ధి కాలేదు. పక్కనే ఆయన వాటా పిండి లేని రొట్టె ఉంది. ఒక ముక్క తుంచి వెన్నలో అద్ది, ఆ ఊపులో, మొదటిసారిగా, నమిలాడు.

రెండోసారి నమిలాడు. మూడోసారికి దవడ ఆగింది.

నమిలే కొద్దీ నాలుక మీద తీపి తేలుతోంది. బాదం తీపి వేరు, ఇది వేరు. ఇంకా నమిలాడు. పళ్ల మధ్య చిన్న జిగురు ముద్ద చేరింది. దాన్ని అరచేతిలోకి ఉమ్మి, రెండు వేళ్ల మధ్య పెట్టి లాగాడు. సాగింది. బాదం సాగదు. గుడ్డు సాగదు. అవిసె జారుతుంది గానీ ఇలా పట్టుకుని సాగదు.

ఎంగిలి తీగ వేళ్ల మధ్య వేలాడుతుండగా ఆయన అలాగే నిలబడిపోయాడు. మెట్లు దిగి వచ్చిన భార్య అది చూసి మొహం తిప్పుకుంది.

"ఏంటండీ ఆ పని, అసహ్యంగా."

"నీ తమ్ముణ్ణి పిలు," అన్నాడు ఆయన.

*

బావమరిది చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఈ రొట్టెలో గోధుమపిండి కలుపుతున్నావా అని పెద్దాయన అడిగాడు. అతను దెబ్బ తిన్నట్టు చూశాడు. కలపలేదన్నాడు. అక్క మీద ఒట్టు వేశాడు. కావాలంటే కళ్లముందు చేసి చూపిస్తానన్నాడు. కొడుకు కూడా దుకాణంలోంచి వచ్చి మామయ్య వైపు నిలబడ్డాడు. తిన్నది చాలక ఇంకొకరి మీదికి తోస్తున్నారని భార్య అనలేదు. ఆవిడ ముక్కు విరుపే ఆ మాట చెప్పింది.

"చెయ్యి," అన్నాడు పెద్దాయన.

బావమరిది బాదం పొడి తూచాడు. అవిసె పొడి తూచాడు. గుడ్లు కొట్టాడు. ఉప్పు, కాస్త ఈస్టు. ఎక్కడా తప్పు లేదు. "చూశావా అక్కా," అన్నాడు. గిన్నెలోదాన్ని పని బల్ల మీదికి వంచాడు. అది ఎప్పటిలాగే తీగలు సాగుతూ జారింది.

కుడిచెయ్యి దాన్ని ఆపింది. ఎడమచెయ్యి బల్ల చివరున్న తొట్టిలోకి వెళ్లింది. గుప్పెడు తెచ్చి బల్ల మీద చల్లింది. మళ్లీ వెళ్లింది. ముద్ద పైన చల్లింది. కుడిచెయ్యి పిసుకుతోంది, ఎడమచెయ్యి వెళ్లి వస్తోంది. అతని కళ్లు మాత్రం బావ మొహం మీదే ఉన్నాయి. ఎంత శ్రద్ధగా చేస్తున్నానో చూడు అన్నట్టు.

భార్య పెదవులు కదలడం పెద్దాయన చూశాడు. ఆవిడ లెక్కపెడుతోంది. పన్నెండో గుప్పెడు దగ్గర ముద్ద నున్నగా, అందంగా, చేతికి అంటకుండా వచ్చింది.

"నీ ఎడమ చేతిలో ఏముంది?" అన్నాడు పెద్దాయన.

బావమరిది ఆ చేతిని, ఎవరో మరిచిపోయి వదిలి వెళ్లినదాన్ని చూసినట్టు చూశాడు. "పొడిపిండి బావా. అంటుకోకుండా."

"పొడిపిండి అంటే?"

"పొడిపిండే." అతని గొంతు తగ్గింది. "అది కలపడం కాదుగా బావా. చల్లడం. చేతికి వచ్చేదాకా చల్లమని నువ్వే నేర్పావు. పొడిపిండి ఎవరైనా లెక్కలో రాస్తారా?"

ఎవరూ రాయరు. గోడకి వేలాడుతున్న పుస్తకంలో పెద్దాయన చేత్తో రాసిన కొలతలున్నాయి. పిండి ఇంత, నీళ్లు ఇంత, ఉప్పు ఇంత. చల్లే పిండికి అందులో చోటే లేదు. ఎందుకుంటుంది, పిండి ముద్ద మీద పిండి పడితే తేడా ఏముంది? నలభై ఏళ్లలో ఆ తొట్టి వంక ఎవరూ వేలెత్తి చూపలేదు.

భార్య పక్కనున్న బస్తా మీద కూర్చుంది. ఏప్రన్ జేబులు, నలుసుల కుప్ప, దొరికాయి అన్న మాట, అన్నీ ఆవిడ మొహంలో ఒకదాని వెనక ఒకటి వచ్చి వెళ్లాయి. క్షమాపణ చెప్పడం ఆ ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు.

"నీళ్లు తెమ్మంటారా?" అంది.

"వద్దు," అన్నాడు. గెలిచానన్న సంతోషం కోసం ఆయన లోపల వెతుక్కున్నాడు. పుల్లటి తేనుపు ఒకటి తప్ప ఏమీ దొరకలేదు. ఆరు ముక్కల చొప్పున ఇన్నాళ్లూ తన కాలికి తానే చేటు చేసుకున్నాడు, తన బేకరీలోనే, తను నేర్పిన పనితోనే.

ముందుగా తేరుకున్నది కొడుకు. పర్లేదు నాన్నా, సంగతి తెలిసింది కదా, సోమవారం డాక్టరుకి చెబుదాం, ఆయన ఇంకొంత గడువు ఇస్తాడు అన్నాడు. రేపటి నుంచి పొడిపిండి బదులు చేతికి నూనె రాసుకుని చేద్దాం అన్నాడు. అంతవరకు బాగానే ఉంది. తరవాత గొంతు తగ్గించి, "బయట మాత్రం ఎవరికీ ఏమీ చెప్పొద్దు. రేపటి రొట్టె సరిగ్గా ఉంటుంది, అంతే కదా," అన్నాడు.

బావమరిది తల వంచుకున్నాడు. భార్య తమ్ముడి వంకా కొడుకు వంకా చూసి, ఏమీ అనలేదు. అనకపోవడం ఒప్పుకోవడమే.

పెద్దాయన వరసగా ముగ్గురినీ చూశాడు. ఇరవై అయిదు రోజుల కాలీఫ్లవర్, పాలకూర, చల్లటి కోడి, కట్టు కింది వాసన, వీటన్నిటికీ తిరగని కడుపు ఇప్పుడు తిరిగింది.

"నా వేలి సంగతి నాకు తెలిసింది," అన్నాడు. "కొనుక్కుపోయినవాళ్ల సంగతి వాళ్లకెప్పుడు తెలుస్తుంది?"

"నాన్నా, బేకరీ మూతపడుతుంది."

"పడితే పడనీ."

"మీరు కోపంలో ఉన్నారు," అంది భార్య.

"కోపం కాదే. రోత."

దుకాణం ముందు గాజు తలుపు తెరుచుకున్న గంట మోగింది. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ. షుగర్ కళ్లకి తగిలి సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతోందని, బోర్డు చూసిన రోజు నుంచీ అన్నం మానేసి ఈ రొట్టె మీదే ఉంటోంది. పొద్దున తీసుకెళ్లిన పొట్లం చేతిలోనే ఉంది. ఇంకొకటి కావాలని, రేపు చెల్లెలు వస్తుందని, ఆమెకి కూడా షుగరేనని చెప్పింది.

కొడుకు తండ్రిని దాటుకుని ముందుకు రాబోయాడు. పెద్దాయన కుంటుకుంటూ వెళ్లి అతనికీ గల్లాబల్లకీ మధ్య నిలబడ్డాడు.

"ఇందులో పిండి ఉందమ్మా," అన్నాడు. "గోధుమపిండి. మాకు ఇప్పుడే తెలిసింది. చేసింది మేమే."

ఆవిడ పొట్లం వంక చూసింది.

"ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

"మొదటిరోజు నుంచీ," అన్నాడు పెద్దాయన.

ఇక్కడ ఆపేస్తే అందంగానే ఉంటుంది గానీ ఒకటి ఒప్పుకోవాలి. పిల్లి అటకెక్కిన మాట నమ్మినా నమ్మకపోయినా నష్టం లేదు. ఎన్నాళ్ల నుంచి అని ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం కల్పితం, ఆయన సమాధానం కూడా. ఆ గదిలోని నిశ్శబ్దాన్ని ఉన్నది ఉన్నట్టు వదలడానికి మనసొప్పక చేర్చిన మాటలు. ఆవిడ ఏమీ అడగలేదు. పొట్లం విప్పి, ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. పెద్దాయన కళ్లలోకే చూస్తూ, నిజమెంతో తనే తేల్చుకునేదానిలా నెమ్మదిగా నమలడం మొదలుపెట్టింది.